పాట ఒక్కరిదే అయినా హక్కులు ఐదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ఊళ్లలో తెలుగు పిల్లలు కొందరు తమ పాట తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, గిటారు, హార్మోనియం, వేణువు, డప్పు అన్నీ తామే వాయించి, ఇంట్లో ఒక గదిలోనే రికార్డు చేసి విడుదల చేస్తున్నారు. వాళ్ల గురించి మీ జిల్లా పేజీల్లో వార్తలు వస్తున్నందుకు సంతోషం. కానీ ప్రతి వార్తా ఎన్ని వ్యూస్ వచ్చాయన్న దగ్గరే ఆగిపోతోంది. అన్ని వేలమంది విన్న పాటకు ఆ పిల్లవాడి ఖాతాలో ఎంత పడిందో, పడకపోతే ఎందుకు పడలేదో ఎవరూ అడగడం లేదు. ఈ పనిలోనే ఉన్నవాళ్లం కాబట్టి ఆ సంగతి రాస్తున్నాం. మీ పేజీలో చోటిస్తే ఆంధ్రా సరిహద్దుకు ఇటూ అటూ ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

పాట ఒక్కరే చేసినా చట్టం లెక్కలో అక్కడ ఐదుగురు ఉంటారు. సాహిత్యం రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, వాయించినవారు, రికార్డింగ్‌కు ఖర్చు పెట్టి తయారుచేసినవారు. సినిమా పాటకు వీళ్లు వేర్వేరు మనుషులు కనుక ఎవరి వాటా వాళ్లు అడిగి తీసుకుంటారు. ఒక్కరే ఐదు పనులూ చేసేచోట మాత్రం 'అంతా నాదేగా' అనుకుని ఫారంలో ఒకే గడిలో ఒకే పేరు రాసి ఊరుకుంటారు. మిగతా నాలుగు గళ్లు ఖాళీ. ఆ నాలుగు దారుల్లో రావలసిన డబ్బు ఎవరి పేరా లేక ఎక్కడో ఆగిపోతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడానికి ఒక పద్ధతి ఉంది, వేరువేరు గుమ్మాలున్నాయి.

సాహిత్యానికీ బాణీకీ వచ్చే రాయల్టీని మన దేశంలో ఐ.పి.ఆర్.ఎస్. (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) వసూలు చేస్తుంది. 1969లో పుట్టిన సంస్థ, కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తరువాత 2017లో మళ్లీ రిజిస్టరైంది. రేడియో, టీవీ, హోటళ్లు, వేదికలు, ఆన్‌లైన్ పాటల యాప్‌లు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ములో రచయిత, స్వరకర్తల భాగం ఈ దారిన వస్తుంది. సభ్యత్వం తీసుకునేటప్పుడు 'రచయిత' ఒక్కటే టిక్కు పెట్టి వచ్చేవారున్నారు. బాణీ కూడా మీదే అయితే రెండూ పెట్టాలి. సభ్యత్వం వచ్చిందని ఊరుకుంటే పైసా రాదు. ఒక్కొక్క పాటనూ విడిగా నమోదు చేయాలి, ఎవరి వాటా ఎంత శాతమో రాయాలి. స్నేహితుడు ఒక చరణం రాసిచ్చి ఉంటే ఆ శాతం పాట విడుదలకు ముందే కాగితం మీద పెట్టుకోండి. పాట పేరు తెచ్చుకున్నాక ఆ లెక్క తేల్చబోతే స్నేహం మిగలదు.

గాయకులకూ వాద్యకారులకూ ప్రదర్శకుల హక్కు వేరే ఉంది. పాట పాడిన ఏడాది తరువాత నుంచి 50 ఏళ్లు నడుస్తుంది. దాని కోసం ఐ.ఎస్.ఏ.ఎం.ఆర్.ఏ. (ఇండియన్ సింగర్స్ అండ్ మ్యుజిషియన్స్ రైట్స్ అసోసియేషన్) ఉంది, మొదట గాయకుల సంఘంగా మొదలై తరువాత వాద్యకారులనూ కలుపుకుంది. నాలుగు వాద్యాలు వాయించినవారు అక్కడ 'గాయకుడు' అని మాత్రమే రాసుకుంటే వాయించిన చెయ్యి లెక్కలోకి రాదు. ఇక రికార్డింగ్ హక్కు పాట విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. దీని డబ్బు పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వస్తుంది. మన పిల్లలకు తెలిసిన దారి ఈ ఒక్కటే. సాహిత్యం, బాణీల హక్కయితే రాసినవారి జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్లూ ఉంటుంది. మీరు ఈ రోజు పెరట్లో కూర్చుని కట్టిన బాణీ మీద మీ మనవలకు కూడా హక్కుంటుందన్నమాట.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయిస్తేనే హక్కు వస్తుందని చాలామంది భయపడుతున్నారు. పాట పుట్టగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తగాదా వచ్చినప్పుడు రుజువుగా పనికొస్తుంది, అంతే. సాహిత్యానికి 500, సంగీతానికి 500, సౌండ్ రికార్డింగ్‌కు 2000 రూపాయలు రుసుము. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు పైన చెప్పిన సంస్థల్లో నమోదు చేసుకోవడమే మంచిది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బయటి పుస్తకాలేవీ దాని గురించి చెప్పవు. ఒడియా ఉచ్చారణలో 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది. ఇంట్లో వెంకటరావు, బడి సర్టిఫికెట్లో బెంకట రావు. వాసుదేవ్ బాసుదేబ్ అవుతాడు. ఆధార్‌లో ఒకటి, పాన్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి, యూట్యూబ్‌లో పెట్టుకున్న కళాకారుడి పేరు నాలుగోది. రాయల్టీ పంపే సంస్థకు ఈ నలుగురూ ఒక్కరేనని తెలిసే దారి లేదు. చెల్లింపు వెనక్కి పోతుంది, లేదా దరఖాస్తే ఆగిపోతుంది. అందుకని మొదటి పాట విడుదలకు ముందే పాన్ మీద ఇంగ్లీషు అక్షరాలు ఎలా ఉన్నాయో బ్యాంకు ఖాతా, ఆధార్ అలాగే సరిచేయించుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో రచయిత, స్వరకర్త గళ్లలో అదే అసలు పేరు, కళాకారుడి గడిలో మాత్రం మీకు నచ్చిన వేదిక పేరు. ఆ వేదిక పేరును కూడా ప్రతి పాటకూ ఒకే స్పెల్లింగుతో రాయాలి. ఒక పాటకు ఒక 'ఏ', ఇంకో పాటకు రెండు 'ఏ'లు పెడితే యాప్‌లో ఇద్దరు కళాకారులు పుడతారు, విన్నవాళ్లు రెండు చోట్లకు చీలిపోతారు. పాట భాష గడిలో 'తెలుగు' అని పెట్టడం మరువకండి. చిరునామా ఒడిశాది గనుక ఒడియా అని పెట్టేసినవాళ్ల పాట తెలుగు శ్రోత ముందుకు రానే రాదు. పల్లవి తెలుగు, చరణంలో రెండు ఒడియా పంక్తులు ఉంటే ఎక్కువ భాగం ఏ భాషలో ఉందో అది పెట్టాలి.

ఒప్పందాల సంగతి. వీడియో బాగా ఆడగానే ఏదో ఒక కంపెనీ నుంచి ఫోను వస్తుంది, 'మొత్తం హక్కులకు' కొన్ని వేలు ఇస్తామంటారు. సంతకం పెట్టేముందు చట్టంలోని నాలుగు విషయాలు గుర్తుంచుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఫోనులో 'సరే' అన్నది బదిలీ కాదు. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. తీసుకున్నవారు ఏడాదిలోపు ఆ హక్కును వాడకపోతే, వేరే షరతు రాసి ఉంటే తప్ప, అది తిరిగి మీకే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, 2012 సవరణ ప్రకారం సాహిత్యం, బాణీ హక్కులు రాసిచ్చేసినా, వాటి వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కును రచయిత వదులుకోలేడు. వారసులకో, ఐ.పి.ఆర్.ఎస్. లాంటి కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. 'రాయల్టీ అడగను' అని రాయించుకున్న కాగితం కళ్లబడితే భయపడకుండా వకీలును కలవండి. ఇంగ్లీషు ఒప్పందాన్ని తెలుగులో చదివించుకోకుండా మాత్రం సంతకం పెట్టకండి.

ఇక రికార్డింగ్. ఒక్కరే అన్నీ వాయించే పాటలో ఒక తప్పు తరచుగా వినిపిస్తుంది, దాని కారణం కూడా తెలిసిందే. ప్రతి మనిషి చేతికీ ఒక వాలు ఉంటుంది. కొందరు తాళానికి వెంట్రుకవాసి ముందు పడతారు, కొందరు వెనక. నలుగురు వాయిస్తే ఆ వాలులు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. ఒక్కరే వాయిస్తే నాలుగు పొరలూ ఒకే వైపు ఒరుగుతాయి, పాట పరుగెత్తినట్టో ఈడ్చినట్టో ఉంటుంది. అందుకే చెవిలో తాళం కొట్టే క్లిక్ వేసుకుని ముందు లయవాద్యాన్ని మొత్తం పాటంతా ఒకే టేకులో కొట్టండి. అతుకులు పెట్టకండి. మర్నాడు విని, బాగున్న దాని మీదే మిగతావి వేయండి. అదే రోజు వేస్తే చెవి ఆ తప్పుకు అలవాటు పడిపోయి ఉంటుంది. గొంతు చివర్లో, విడిగా ఒక పూట, అదీ అన్నం తిన్న వెంటనే కాకుండా చూసుకోండి.

శృతి విషయంలో హార్మోనియమే పెద్ద. పాత హార్మోనియాలు ట్యూనర్ యాప్ చూపించే 440 హెర్ట్జ్ శృతికి సరిగ్గా ఉండవు. ఒక్కో మెట్టు ఒక్కో వైపు కాస్త జారి ఉంటుంది. గిటారును యాప్‌తో శృతి చేసి, మీద హార్మోనియం వేస్తే రెండూ గీసుకుంటాయి. గిటారును హార్మోనియానికి సరిపెట్టాలి గానీ హార్మోనియాన్ని గిటారుకు సరిపెట్టలేం. కాబట్టి హార్మోనియం ఉన్న పాటకు దాన్ని ముందు రికార్డు చేయండి, తరువాత తీగలు బిగించండి. వేణువు ఊదే ముందు పది నిమిషాలు ఊది వేడెక్కించాలి; గాలి వేడెక్కితే శృతి పైకి పోతుంది, చలికాలం పొద్దున మొదటి టేకు ఎప్పుడూ కిందికే ఉంటుంది. ఒక పాట రెండున్నర శృతిలో మొదలుపెట్టి ఆఖరికి గొంతు అందక సాఫ్ట్‌వేర్‌లో ఒక మెట్టు దించితే వేణువు గొంతు మారిపోతుంది, డప్పు బండబారుతుంది. శృతి ఎంతో మొదటి రోజే పూర్తి గొంతుతో చరణం పైస్థాయి పాడి తేల్చుకోండి.

డప్పు వానాకాలంలో ఏడిపిస్తుంది. తోలు తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, మంట దగ్గర కాచి తేగానే గట్టిగా పలుకుతుంది, వాయిస్తూ ఉండగానే దిగిపోతుంది. దిగిన టేకునూ కాచిన టేకునూ అతికితే అతుకు స్పష్టంగా వినిపిస్తుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం పెట్టుకుని, కాచిన ప్రతిసారీ పల్లవి మొదటి నుంచే కొట్టండి. మైకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. గిటారుకైతే పన్నెండో మెట్టు ఎదురుగా జానెడు దూరం. రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్మంటూ బరువు శబ్దం వస్తుంది.

మైకుల మోజు గురించి ఒక మాట. ఖరీదైన కండెన్సర్ మైకు కొని, దానికి 48 వోల్టులు ఇచ్చే ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) లేక మూలన పెట్టినవారున్నారు. రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్, ఒక్క మంచి మైకు, చెవిని పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోను చాలు. బ్లూటూత్ హెడ్‌ఫోనుతో మాత్రం పొర మీద పొర వేయకండి. శబ్దం చెవికి చేరేసరికే సెకనులో పదోవంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుంది, తాళం తప్పింది మీరే అనుకుంటారు. గది మారుమోగకుండా బొంతలు, దుప్పట్లు కట్టేవాళ్లు మైకు వెనక కడుతుంటారు. కార్డియాయిడ్ మైకు ముందువైపు వింటుంది కాబట్టి పాడేవారి వెనక గోడకు కట్టాలి. అక్కడినుంచే గొంతు తిరిగొచ్చి మైకులో పడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో 50 హెర్ట్జ్ జుమ్మనే మోత వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి, చాలాసార్లు పోతుంది. వానాకాలంలో మైకును సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టిన డబ్బాలో ఉంచాలి. చెమ్మ చేరితే చిటపటలాడుతుంది.

రికార్డు చేసేటప్పుడు పెద్ద శబ్దాలు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఉండేలా చూడండి. సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ ఎంచుకుని చేస్తే తక్కువ స్థాయి వల్ల నష్టం లేదు, సున్నా దాటి చిరిగిన గొంతును మాత్రం ఎవరూ కుట్టలేరు. విడుదలకు సిద్ధమైన చివరి ఫైలును, అంటే మాస్టర్‌ను, వీలైనంత గట్టిగా చేయాలన్న పోటీ వృథా. స్పాటిఫై యాప్ మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు తనే తగ్గించి వినిపిస్తుంది. గట్టిగా నొక్కిన పాట అక్కడ చప్పగా మిగులుతుంది. ప్రతి వాద్యాన్నీ సున్నా సెకను నుంచి విడి ఫైలుగా తీసి రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి ఇంకో ఇంట్లో పెట్టండి. గొంతు లేని ట్రాకు కూడా ఆ రోజే తీసి పెట్టుకోవాలి, వేదిక మీద ఒక్కరే పాడాల్సి వచ్చినప్పుడు కావాలి. ఎడమ చెవి వైరులో క్లిక్, కుడి వైరులో ట్రాక్ పెట్టి, కుడిది మాత్రం సౌండు బాక్సులకు, ఎడమది మీ చెవికి పంపితే మామూలు ఫోనుతోనే పని జరుగుతుంది. సంబరాల పందిళ్లలో జనరేటరు మీద నడిచే మిక్సర్‌కు గిటారు కలపాలంటే గిటారు శబ్దాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే ఒక డీఐ బాక్సు మీ సంచిలోనే ఉండాలి. అక్కడ దొరుకుతుందని నమ్ముకోవద్దు.

విడుదల దగ్గర పడే తప్పులు చిన్నవే, నష్టం పెద్దది. పాటను మూడు నాలుగు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు ఇవ్వాలి. స్పాటిఫై సంపాదకులకు కనీసం 7 రోజుల ముందు పంపితేనే మిమ్మల్ని అనుసరించేవారి కొత్త పాటల జాబితాలో అది తప్పక చేరుతుంది. ముఖచిత్రం ఒక్కో వైపు 3000 చుక్కల (పిక్సెళ్ల) చదరం. ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తుపట్టే 12 అక్షరాల ఐ.ఎస్.ఆర్.సి. సంఖ్య వస్తుంది, దాన్ని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏడాది చందా కట్టే డిస్ట్రిబ్యూటర్ దగ్గర చందా ఆపితే పాట దిగిపోవచ్చు. వేరేచోటికి మారినప్పుడు అదే ఆడియో, అదే సంఖ్య ఇస్తే పాత లెక్క నిలుస్తుంది. కొత్త సంఖ్య తీసుకుంటే వచ్చిన వినికిడి అంతా సున్నా. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో 1000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కే లేదు, కాబట్టి వారానికొక పాట వదలడం కన్నా ఒక్క పాటను గట్టిగా జనంలోకి తీసుకువెళ్లడం మేలు. యూట్యూబ్ ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు 12 నెలల్లో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. అక్కడ అమెరికా పన్ను ఫారం నింపితే అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన ఆదాయం మీదే 15 శాతం పోతుంది. నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం వరకు పట్టుకోవచ్చు. మన దగ్గర చెల్లింపులకు పాన్ ఇవ్వకపోతే మూలంలోనే 20 శాతం కోత.

జానపదం గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేం. మన వైపు జముకుల కథ, తప్పెటగుళ్లు, థింసా పాటలు అందరివీ. వాటి ఆధారంగా మీరు పాట చేస్తే సాహిత్యం గడిలో 'సంప్రదాయం' అని రాయండి, మీరు చేసిన వాద్య కూర్పుకు మాత్రం మీ పేరు. సొంత రచన అని రాస్తే రెండు నష్టాలు. ఒకటి అది అబద్ధం. రెండోది, అదే బాణీని ఇంకొకరూ అలాగే నమోదు చేసి ఉంటే, ఎవరి పాటో పోల్చి పట్టే యూట్యూబ్ ఏర్పాటు కంటెంట్ ఐడీలో ఇద్దరి పాటలూ ఒకదానిమీద ఒకటి దావా వేసుకుంటాయి, తగవు తేలేవరకు ఇద్దరికీ డబ్బు రాదు. కొన్న లూపుల (ముందే రికార్డు చేసి అమ్మే వాద్యాల ముక్కల) మీద కట్టిన పాటలకూ ఇదే ప్రమాదం. ఆ లూపు వందమంది దగ్గర ఉంటుంది. సవర, కువి మాట్లాడే గిరిజన పాటగాళ్లను పిలిచి పాడించుకుంటే వాళ్లూ చట్టం ప్రకారం ప్రదర్శకులే. పేరు వేయాలి, ఒప్పందం వాళ్లకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి, డబ్బు ఆ రోజే చేతికివ్వాలి. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నది ఆ మనుషుల దగ్గరే. వాడుక తెలుగు కోసం ఆయన పోరాడిన ఊళ్లో ఉండి మన పిల్లలు సినిమా తెలుగులో పాటలు రాయడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. 1936లో ఈ తాలూకాలు ఒడిశాలో కలిశాక కూడా తొంభై ఏళ్లుగా ఇళ్లలో నిలిచిన యాస మనది. అది పాటలో వినిపిస్తే శ్రీకాకుళంలోనూ చెవి ఒగ్గి వింటారు, హైదరాబాదులోనూ వింటారు.

మీకు ఒక విన్నపం. ఇకమీదట మీ పేజీలో ఇలాంటి కళాకారుల గురించి వేసినప్పుడు వ్యూస్ సంఖ్యతో పాటు రచన, స్వరం, గానం, వాద్యాలు, రికార్డింగ్ అని ఐదు గళ్లుగా పేర్లు వేయండి. ఐదుచోట్లా ఒకే పేరున్నా ఐదుసార్లూ అచ్చువేయండి. పేరు స్పెల్లింగు కళాకారుడిని అడిగి, పాన్‌లో ఉన్నట్టు రాయండి. ఆ కత్తిరింపు రేపు ఏ దరఖాస్తుకైనా జతచేయడానికి పనికొస్తుంది. వీలైతే నెలకోసారి ఈ నమోదు దరఖాస్తుల గురించి తెలుగులో ఒక చిన్న పెట్టె కట్టి వేయండి. రాసిపెట్టే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
సంగీత ఉపాధ్యాయులు, రికార్డింగ్ పని చేసేవారు కొందరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా